తాత రైఫిల్ 50 మీటర్ల దగ్గర గ్రూప్ (రౌండ్లన్నీ ఒకేచోట పడటం) రావట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

హిందూపురం కుర్రోడు:
అందరికీ నమస్తే అన్నలూ. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటా, సొంతూరు హిందూపురం దగ్గర. మా తాత పోయాక ఆయన .22 బ్రనో మోడల్ 2 రైఫిల్ లైసెన్స్‌తో సహా నా పేరు మీదికి వచ్చింది. అప్పట్లో కుందేళ్లకీ కౌజులకీ అని కొన్నాడంట, వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చి వేట ఆగిపోయాక ఏళ్ల తరబడి బీరువాలోనే ఉండిపోయింది, నేను క్లబ్ రేంజ్‌లో కాగితం మీదే కొడుతున్నా. ఇసుక సంచి మీద ఆనించి కొట్టినా 50 మీటర్లలో అయిదు రౌండ్లు 45 మిల్లీమీటర్లు పరుచుకుంటున్నాయి, మూడు దగ్గరగా పడతాయి రెండు ఎటో పోతాయి. వీడియోలు చూసి బ్యారెల్ కింద చెక్క గీకి ఫ్రీ ఫ్లోట్ చేద్దామా (అంటే బ్యారెల్‌కి చెక్క తగలకుండా), ట్రిగ్గర్ స్ప్రింగ్ మార్పిద్దామా అనుకుంటున్నా కానీ తాత చేతి వస్తువు, పాడుచేస్తానేమో అని భయంగా ఉంది.

పెన్నా ఒడ్డు:
తమ్ముడూ చెక్క జోలికి ఇప్పుడే పోవద్దు, ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు. ముందు ఏ రౌండ్లు వాడుతున్నావో చూడు. .22 లో పెద్ద రైఫిళ్లకి లాగా మందు కొలిచి మనమే తయారుచేసుకునే వీల్లేదు, ఫ్యాక్టరీ ఏమిస్తే అదే, అందుకే ఒకే కంపెనీ ఒకే రకం అయినా డబ్బా మీద లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పేది) మారితే గ్రూప్ మారిపోతుంది. హై వెలాసిటీ కొంటున్నావా? అది సెకనుకి దాదాపు 380 మీటర్లతో బయల్దేరి సరిగ్గా నీ 50 మీటర్ల చుట్టుపక్కలే ధ్వని వేగం కిందికి, అంటే 340 కిందికి దిగుతుంది, ఆ దిగేచోట బుల్లెట్ తడబడుతుంది. స్టాండర్డ్ వెలాసిటీ 325 దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఆ బాధ లేదు, మ్యాచ్ షూటర్లు అదే వాడేది అందుకే. ఇంకోటి, రకం మార్చిన ప్రతిసారీ మొదటి 10-15 రౌండ్లు లెక్కలోకి తీసుకోకు, బ్యారెల్‌లో పాత రౌండ్ల మీది మైనం పోయి కొత్తవాటిది పట్టాలి. అయిదు రౌండ్ల గ్రూప్ ఒకటి చూసి ఏదీ తేల్చుకోకు, అదృష్టం కొద్దీ కూడా బాగా వస్తుంది, పదేసి రౌండ్లు మూడు కాగితాల మీద కొట్టి చూడు.

చెన్నపట్నం షూటర్:
పై అన్న చెప్పింది కరెక్టే, కానీ రౌండ్లు కొనకముందే స్క్రూలు చూడు బ్రో. మూడు దగ్గరగా రెండు దూరంగా అంటే నాకు మొదట అనుమానం వచ్చేది వాటి మీదే. చెన్నైలో ఐప్పసి (అక్టోబర్-నవంబర్) వానలకి నా రైఫిల్ చెక్క తేమ పీల్చుకుని ఉబ్బేది, వేసవిలో ఎండి కుంచించుకుపోయేది, ప్రతి సీజన్‌కీ జీరో (సరిచేసి పెట్టుకున్న గురి) జరిగిపోయేది, రెండేళ్లు నా చేతిదే తప్పనుకుని ప్రాక్టీస్ పెంచుకుంటూ పోయా. టార్క్ రెంచ్ (ఎంత బిగువో కొలిచి బిగించేది) కొను, యాక్షన్ స్క్రూలు, అంటే రైఫిల్ ఇనుప భాగాన్ని చెక్కకి పట్టి ఉంచేవి, 15 ఇంచ్ పౌండ్ల బిగువు దగ్గర మొదలుపెట్టి రెండేసి పెంచుకుంటూ ప్రతి దగ్గరా గ్రూప్ కొట్టు, 25 దాటొద్దు, పాత చెక్క నలిగిపోతుంది. ముందు భాగంలో బ్యారెల్‌ని పట్టే స్క్రూ ఉంటే దాన్ని విడిగా చూడాలి, గట్టిగా బిగిస్తే బ్యారెల్‌ని కిందికి లాగేస్తుంది. స్కోప్ ఉందా? సెంటర్‌ఫైర్ (పెద్ద రైఫిళ్ల) వేట స్కోప్‌లు ఎక్కువగా 100 గజాలకి పారలాక్స్ సెట్ చేసి ఉంటాయి, అంటే ఆ దూరంలోనే కన్ను జరిగినా గురి జరగదు, 50 దగ్గర కన్ను కాస్త పక్కకి జరిగినా గురి జరుగుతుంది, చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనాలి.

ఇక ట్రిగ్గర్ సీర్‌ని (ట్రిగ్గర్ నొక్కేదాకా పేలకుండా పట్టి ఉంచే కొక్కెం) ఇంట్లో అస్సలు అరగదీయొద్దు, నేలకి తగిలినా పేలే పరిస్థితి వస్తుంది. మజిల్ (బ్యారెల్ మూతి) దగ్గర క్రౌన్, అంటే అక్కడి అంచు, దెబ్బతిందో లేదో టార్చ్ వేసి చూడు, పాతకాలం వాళ్లు ఉక్కు కడ్డీ ముందు నుంచి దూర్చి తుడిచేవాళ్లు, దాంతో అంచు అరిగిపోతుంది. అరిగిందంటే లైసెన్స్ ఉన్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికే పోవాలి, బ్యారెల్ పొట్టి చేయడం ఆయుధ చట్టం సెక్షన్ 6 కిందికి వస్తుంది, లేత్ ఉన్న తెలిసినవాడు ఉన్నాడు కదా అని ఇవ్వకు.

హిందూపురం కుర్రోడు:
మూడు వారాలకి రాస్తున్నా, ఏమనుకోకండి. వెనక యాక్షన్ స్క్రూ చేత్తో తిరిగేంత వదులుగా ఉంది! స్కోప్ మౌంట్ కూడా డవ్‌టెయిల్ (రైఫిల్ పైన మౌంట్ బిగించే గాడి) మీద కదులుతోంది. రెండూ బిగించి 19 ఇంచ్ పౌండ్ల దగ్గర ఆగా, పాత హై వెలాసిటీతోనే 31 మిల్లీమీటర్లకి వచ్చింది. తర్వాత స్టాండర్డ్ వెలాసిటీ రెండు లాట్లు కొట్టా, ఒకటి 28, ఇంకోటి పది రౌండ్లకి 21, మూడు కాగితాల మీదా అంతే. 50 మీటర్ల మ్యాచ్ టార్గెట్‌లో పది పాయింట్ల రింగ్ 10.4 మిల్లీమీటర్లే అని తెలుసు, వేట రైఫిల్‌ని అక్కడిదాకా లాగాలని లేదు. క్రౌన్ బాగానే ఉంది, తాత వెనక నుంచే తుడిచేవాడని నాన్న చెప్పాడు. ఆ లాట్‌వే ఇంకో నాలుగు డబ్బాలు అడిగి పెట్టా.