పొరుగు దేశాల ఆర్థిక అనుసంధానంలో ఉత్పాదక రంగాల పాత్ర ఎంత?

ప్రశ్న – అర్థశాస్త్రం పీజీ విద్యార్థిని, తిరుపతి

దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం (సాఫ్టా) 2006లో అమల్లోకి వచ్చింది. అయినా ఈ దేశాల మొత్తం వాణిజ్యంలో తమలో తాము చేసుకునేది సుమారు 5 శాతమే. ఆగ్నేయాసియా దేశాల కూటమి అయిన ఆసియాన్‌లో అది 20 శాతానికి పైనే ఉంది. సుంకాలు తగ్గితే పొరుగు దేశాలు దగ్గరవుతాయన్న సూత్రం ఇక్కడ ఎందుకు పనిచేయలేదు? వ్యవసాయం, పరిశ్రమలు, విద్యుత్తు ఇందులో ఏ మేరకు తోడ్పడతాయో తెలిసినవారు వివరించగలరు.

జవాబు – విశ్రాంత అధ్యాపకుడు, చిత్తూరు

అమ్మా, సుంకం తగ్గితే సరుకు కదులుతుంది. కానీ ఒక దేశంలో తయారైనది పక్క దేశపు కర్మాగారానికి ముడిసరుకు అయినప్పుడే ఆ రాకపోకలు నిలబడతాయి. థాయ్‌లాండ్, ఇండోనేషియా, మలేషియాల మధ్య వాహనాల విడిభాగాలు అటూ ఇటూ తిరగడం ఆసియాన్ బలాల్లో ఒకటి. మన వైపు ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ పామాయిల్‌తో చేసే వనస్పతి (డాల్డా). భారత్–శ్రీలంక ఒప్పందం 2000 మార్చిలో అమల్లోకి వచ్చాక, పామాయిల్‌పై మన దేశంలో కన్నా అక్కడ సుంకం తక్కువ కావడంతో, మనవాళ్లే కొందరు శ్రీలంకలో వనస్పతి కర్మాగారాలు పెట్టి ఇక్కడికి పంపసాగారు. ఇక్కడి తయారీదారులు గగ్గోలు పెట్టగా, భారత్ ఏడాదికి రెండున్నర లక్షల టన్నుల పరిమితి విధించింది. లెక్కల్లో వాణిజ్యం పెరిగింది, పరిశ్రమ మాత్రం వేళ్లూనుకోలేదు.

విద్యుత్తు సంగతి వేరు. భారత్ సాయంతో భూటాన్‌లో కట్టిన 336 మెగావాట్ల చుఖా జలవిద్యుత్ కేంద్రం మొదలుకొని, వానాకాలంలో అక్కడ మిగిలిన కరెంటు మనకు వస్తుంది. చలికాలంలో నదులు తగ్గినప్పుడు మన కరెంటు అక్కడికి వెళుతుంది. నేపాల్ సైతం మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు 40 మెగావాట్లు అమ్మేందుకు 2024 అక్టోబరులో ఒప్పందం కుదిరింది.

జవాబు – మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉద్యోగి, చిత్తూరు

సార్ చెప్పిన ముడిసరుకు మాట మా గుజ్జుకు సరిగ్గా వర్తిస్తుంది. ర్యాంపుల (మామిడి కొనుగోలు కేంద్రాల) నుంచి వచ్చిన తోతాపురిని కడిగి, పండించి, గుజ్జు తీసి, క్రిములు లేకుండా శుద్ధి చేసిన సంచుల్లో నింపి, ఇనుప డ్రముల్లో పెట్టి పంపుతాం. వాటిలో ఎక్కువ భాగం గల్ఫ్‌కూ ఐరోపాకూ వెళుతుంది, ఎందుకంటే కొనే జ్యూస్ కంపెనీలు అక్కడున్నాయి. దూరం తక్కువైనంత మాత్రాన పొరుగు దేశం మార్కెట్ అయిపోదు.

దేశాల దాకా ఎందుకు? 2025 జూన్‌లో కర్ణాటక నుంచి వచ్చే తోతాపురిని మన జిల్లాలోకి రానీయకుండా మనవాళ్లు ఆంక్షలు పెడితే, ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాయాల్సి వచ్చింది. రైతుకు ధర పడిపోయిన ఏడాది కాబట్టి ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను; అయితే గిట్టుబాటు ధర లేనప్పుడు ఏ సరిహద్దైనా మూసుకుంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

జవాబు – టమోటా రైతు, పుంగనూరు వైపు

2023లో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో వంద దాటినప్పుడు కేంద్రం నేపాల్ నుంచి తెప్పించింది. కొనేవారికి అది మేలే, కాదనను. కానీ కోత కూలీ కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోసే నెలల్లో, ఆ సరుకును పొరుగు దేశానికి చేర్చే ఏర్పాటు ఏదీ మాకు కనిపించదు. అనుసంధానం అంటే రెండు వైపులా ఉండాలి కదండీ.

ప్రశ్నించిన విద్యార్థిని

ధన్యవాదాలండీ. మరి ముడిసరుకు బంధం అంత గట్టిదైతే, 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ మన నూలును భూమార్గాల్లో ఎందుకు ఆపింది సార్?

విశ్రాంత అధ్యాపకుడు

అక్కడి నూలు మిల్లులకు మన నూలు పోటీ, దుస్తుల కర్మాగారాలకు అదే ఆధారం. మిల్లుల మాట నెగ్గింది. మే నెలలో మనమూ వారి దుస్తులను భూమార్గాల్లో ఆపి, కోల్‌కతా, నవ షేవా రేవులకే పరిమితం చేశాం. అయితే నూలుకు సముద్రమార్గం తెరిచే ఉంచారు, ఎందుకంటే పూర్తిగా ఆపితే వారి కుట్టుమిషన్లే ఆగిపోతాయి.