రాట్‌బ్లాట్ లాస్ అలమోస్ విడిచి రావడం సరిపోయిందా?

చర్చ మొదలుపెట్టినవారు:
రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు తయారీకి అమెరికా చేపట్టిన మన్‌హటన్ ప్రాజెక్టును, దాని లాస్ అలమోస్ ప్రయోగశాలను మనస్సాక్షి మాట విని విడిచిపెట్టిన శాస్త్రవేత్తగా జోసెఫ్ రాట్‌బ్లాట్‌ను అందరూ కొనియాడతారు. అయితే 1944 చివర ఆయన మౌనంగా వెళ్ళిపోయారే తప్ప తోటివారికి కారణం చెప్పలేదు. ప్రాజెక్టు లోపలే ఉండి, జపాన్‌కు లొంగిపోయే అవకాశం ఇవ్వకుండా బాంబు వాడవద్దని 1945 జూలైలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌కు విజ్ఞాపన రాసిన భౌతికశాస్త్రవేత్త సిలార్డ్, దానిపై సంతకాలు చేసిన సుమారు 70 మంది పట్టిన దారే మేలైనదని నా అభిప్రాయం.

సమాధానం:
మీ అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు గాని, ఆ మౌనం ఆయన కోరుకున్నది కాదు. వార్సాలో పుట్టిన రాట్‌బ్లాట్ 1939లో బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త చాడ్విక్ దగ్గర పనిచేయడానికి లివర్‌పూల్ వచ్చారు; అనారోగ్యంతో వార్సాలోనే ఉండిపోయిన భార్య తోలా నాజీల ఆక్రమణలో చిక్కుకుని, మళ్ళీ ఆయన కంటికి కనిపించలేదు. హిట్లర్ చేతికి ముందుగా బాంబు చిక్కుతుందేమోనన్న భయమే ఆయనను ఆ పనిలోకి దింపింది. 1944 మార్చిలో చాడ్విక్ ఇంట భోజనాల వేళ ప్రాజెక్టు అధిపతి జనరల్ గ్రోవ్స్, బాంబు అసలు ఉద్దేశం సోవియట్లను లొంగదీయడమేనని అన్నప్పుడు ఆయన నిర్ఘాంతపోయారు. జర్మనీ తన ప్రయత్నం వదులుకుందని ఆ ఏడాది చివర తెలియగానే వెళ్ళిపోతానని చెప్పారు. అధికారులు ఆయనను గూఢచారిగా అనుమానించారు. భార్య గురించిన బెంగతో వెళుతున్నానని మాత్రమే చెప్పాలన్న షరతు మీద పంపించారు. ఇక సిలార్డ్ విజ్ఞాపన సంగతి అంటారా, హిరోషిమాకు ముందు అది ట్రూమన్ కంటపడనేలేదు.

ఆయన అసలు జవాబు ఆ తరువాతి జీవితమే. లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో అణుభౌతికాన్ని వైద్యానికి మళ్ళించారు. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా పరీక్షగా పేల్చిన బాంబు ధూళి ఒక జపాను చేపల పడవ మీద కురిసినప్పుడు, ఆ ధూళి వివరాలను పరిశీలించి, అధికారులు చెప్పినదానికన్నా కాలుష్యం ఎంతో ఎక్కువని తేల్చారు. 1955లో అణుయుద్ధ ప్రమాదాన్ని హెచ్చరించిన రస్సెల్-ఐన్‌స్టైన్ ప్రకటనపై సంతకం చేసిన 11 మందిలో ఒకరయ్యారు. 1957లో కెనడాలోని పగ్వాష్ గ్రామంలో, ఎదురెదురు శిబిరాల దేశాల నుంచి వచ్చిన 22 మంది అణ్వాయుధాల ముప్పుపై చర్చించేందుకు సమావేశమవడానికి ఎంతో శ్రమించారు.

చర్చ మొదలుపెట్టినవారు:
షరతు సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ యుద్ధం ముగిశాక కూడా, తన కారణాలను వివరిస్తూ ఆయన వ్యాసం రాసింది 1985లో. నలభై ఏళ్ళు ఎక్కువే కదా?

సమాధానం:
ఎక్కువే, ఆ ఆలస్యాన్ని నేను సమర్థించను. ఆ మౌనం తనకు ఎంత బరువయిందో ఆయనకు తెలుసుననే అనుకుంటాను, ఎందుకంటే ఇజ్రాయెల్ అణు రహస్యాన్ని 1986లో బయటపెట్టి చెరసాల పాలైన మొర్దెకై వనూను విడుదల కోసం, 1995లో నోబెల్ శాంతి బహుమతి పొందిన ఈ పెద్దాయన బహిరంగంగా గొంతెత్తారు.