ఆదివారం తెలుగు బడి మాష్టారికి కూడా పోలీసు తనిఖీ కావాలా?

కవెంట్రీ కోడలు:
ఇంగ్లండులో, మా ఊళ్లో చర్చి హాలు అద్దెకి తీసుకుని ఆదివారాలు రెండు గంటలు తెలుగు బడి నడుపుతున్నాం. పిల్లలు పాతికమంది. మా మావయ్యగారు తెనాలి దగ్గర హెడ్మాష్టరుగా రిటైరై, ఆరు నెలలుందామని మా దగ్గరికొచ్చారు. గుణింతాలు ఆయన చెబుతుంటే పిల్లలు పాటలా పట్టేశారు. మూడో వారం కమిటీవాళ్లొచ్చి "డీబీఎస్ లేకుండా క్లాసు చెప్పకూడదండీ" అన్నారు. అదేంటని ఆయనడిగితే మా ఆయన "పోలీసు వెరిఫికేషన్ నాన్నా" అన్నాడు. అంతే, చేతిలో మార్కరుకి మూత పెట్టి, బల్ల మీదుంచి, వెళ్లి కార్లో కూర్చున్నారు. "ఈ వయసులో నన్ను అనుమానిస్తారా" అని ఒకటే మాట. పిల్లల భద్రత వద్దనను. కానీ మనలో మనకి ఇది అవసరమా?

గోదారి గట్టు:
అక్కర్లేదండీ. అయినా ఆ కాగితం ఆయన గురించి ఏం చెబుతుంది? డీబీఎస్ చూసేది ఇక్కడి పోలీసు రికార్డులు. తెనాలిలో ఏం జరిగిందో దానికి తెలీదు. విమానం దిగి మూడు వారాలైన మనిషికి ఖాళీ సర్టిఫికెట్టే వస్తుంది. దానికోసం పెద్దాయన్ని నొప్పించారు.

మూడో వరస:
గట్టుగారూ, నాకు భయమేసేదే "మనలో మనకి" అన్న మాట దగ్గర. పిల్లల్ని పాడుచేసేవాడు ముసుగేసుకుని రాడు. అంకుల్ అని పిలిపించుకుంటూనే వస్తాడు.

2002లో ఇంగ్లండులోని సోహమ్‌లో పదేళ్ల ఆడపిల్లలిద్దర్ని చంపిన ఇయాన్ హంట్లీ అక్కడి హైస్కూల్లో కేర్‌టేకరు. అంతకుముందు హంబర్‌సైడ్‌లో అతని మీద అమ్మాయిల విషయంలో ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. ఒక్కదాంట్లోనూ శిక్ష పడలేదు, ఆ సంగతి స్కూలుదాకా రాలేదు. 2004లో దాని మీద బిచర్డ్ విచారణ నివేదిక, 2006లో ఈ తనిఖీల చట్టం, 2012లో వాటిని చేసే డీబీఎస్ సంస్థ వరసగా వచ్చింది ఆ దెబ్బకే. అందుకే ఎన్‌హాన్స్‌డ్ (అంటే మామూలుదానికన్నా లోతైన) తనిఖీలో పడిన శిక్షలే కాదు, చెప్పి తీరాలని పోలీసులు అనుకుంటే శిక్ష పడని సంగతులూ రాస్తారు. పిల్లలతో పనిచేయకూడదని నిషేధం పడ్డవాళ్ల జాబితా కూడా ఉంటుంది. అందులో ఉన్నవాడు పాఠం చెబితే వాడిదీ నేరమే, తెలిసీ చెప్పనిచ్చిన వాళ్లదీ నేరమే. కమిటీవాళ్లని తిట్టకండి.

లెక్కల పంతులు:
ఇద్దరూ అసలు చిక్కు వదిలేశారు. ఎన్‌హాన్స్‌డ్‌కి మావయ్యగారు సొంతంగా దరఖాస్తు పెట్టుకోలేరు, బడి తరఫున పెట్టాలి. వాలంటీరుకి ప్రభుత్వ ఫీజు లేదు గానీ మధ్యలో ఉండే ఏజెన్సీ సర్వీసు చార్జీ తీసుకుంటుంది. పాస్‌పోర్టు చూపిస్తారు, బాగానే ఉంది. చిరునామాకి? కరెంటు బిల్లు కొడుకు పేరు మీద, ఇక్కడ బ్యాంకు ఖాతా లేదు. పోనీ ఇండియా నుంచి పీసీసీ (పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు) తెప్పిద్దామంటే, టూరిస్టు వీసా మీద వచ్చేవాళ్లకి పాస్‌పోర్టు ఆఫీసు అది ఇవ్వదు.

దారి లేకపోలేదు. వారంవారం ఒంటరిగా పాఠం చెప్పేవాళ్లకే ఆ నిషేధ జాబితా తనిఖీ. డీబీఎస్ ఉన్న టీచరు అదే గదిలో ఉండి, క్లాసంతా కనిపెట్టుకుని ఉంటే లెక్క మారుతుంది. ఇంకో మాట, ఇది కమిటీ ముందే అడగాల్సింది: విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు రిజిస్టరైన చారిటీకే వాలంటీరుగా చేయాలి, అదీ మొత్తం 30 రోజులు మించకుండా. ఆరు నెలల్లో ఆదివారాలు ఇరవయ్యారే, సరిపోతుంది. మీ బడి రిజిస్టరైందా?

(స్కాట్లాండువాళ్లు ఇది చూసి ఇలాగే చేసేయకండి. అక్కడ పీవీజీ అనే తనిఖీ పద్ధతి వేరు, 2025 ఏప్రిల్ నుంచి చట్టప్రకారం తప్పనిసరి.)

బెజవాడ బాబాయ్:
ఇక్కడ ఇండియాలో గాలికొదిలేశామనుకోకండి! టీచరైనా, ఆయా అయినా, కాంట్రాక్టు మనిషైనా పిల్లల దగ్గర మసిలే ప్రతి ఉద్యోగికీ ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలని పోక్సో నిబంధనలు 2020లోనే చెప్పాయి. మా మనవరాలి స్కూల్లో వ్యాన్ డ్రైవరు సంగతి అడిగాను. కౌంటర్లో అమ్మాయి సొరుగు లాగి, "ఆధార్ జిరాక్స్ తీసుకున్నాం కదండీ" అని చూపించింది.

గోదారి గట్టు:
హహ, నేననేదీ అదే బాబాయ్. కాగితం చేతికొస్తే చాలు, ఇక ఎవరూ కళ్లు తెరవరు. పిల్లల్ని గుమ్మంలో దింపేసి తల్లిదండ్రులు టెస్కోకి పోతారు.

మూడో వరస:
అది నిజమే, ఒప్పుకుంటా. మా బడిలో గదికి ఇద్దరు పెద్దవాళ్లు లేనిదే క్లాసు మొదలుపెట్టం, తలుపు వేయం. కానీ పోయినేడు ఒక పెద్దాయనకి మొహమాటానికి పోయి డీబీఎస్ అడగలేదు. రెండు నెలలకి ఇంకొకాయనొచ్చి "ఆయనకి లేనిది నాకెందుకండీ" అన్నాడు. ఏమని చెబుతాం? ఈ రెండో ఆయన మీద మాకు ఏ మూలో అనుమానం ఉందని మొహం మీద చెప్పలేం కదా. అందరినీ అడిగితే ఎవర్నీ అనుమానించినట్టు కాదు.

కవెంట్రీ కోడలు:
పంతులుగారూ, కనుక్కున్నాను. బడి రిజిస్టరైన చారిటీయేనట, నెంబరు చూపించారు. నాకెలాగూ డీబీఎస్ ఉంది, ఆయన క్లాసులో నేనే కూర్చుంటానంటే కమిటీ సరేనంది. మావయ్యగారితో చెప్పాను. పేపరు దించకుండా "అయితే కోడలు నాకు కాపలా అన్నమాట" అన్నారు. వస్తాననలేదు, రాననలేదు. కానీ రాత్రి చూస్తే డైనింగు టేబుల్ మీద వత్తుల పాఠం రాసిన కాగితం ఒకటి ఉంది, స్కేలు పెట్టి గీతలు గీసి.