బొద్దింక నరాల మైటోకాండ్రియాలో ఎంజైమ్ కనిపించట్లేదు, ఎవరైనా చెప్పండి

మాది అమలాపురం దగ్గర పల్లె, ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు. బొద్దింక నరాల తాడు తీసి చల్లటి 0.25 మోలార్ సుక్రోజ్‌లో నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి 1,000 జీ (భూమ్యాకర్షణకి వెయ్యి రెట్ల బలం) దగ్గర కేంద్రకాలు, 10,000 జీ దగ్గర మైటోకాండ్రియా వేరు చేస్తున్నాను. నేను వెతికే ఎంజైమ్ సక్సినేట్ డీహైడ్రోజినేజ్ పనిచేస్తే డీసీపీఐపీ అనే రంగుమందు నీలం రంగు వెలిసిపోవాలి కదా, నాకేమో అడుగున చేరిన ముద్దలో రంగు అలాగే ఉండి, పైన తేరిన ద్రవంలో వెలిసిపోతోంది! ఆ ఎంజైమ్ మైటోకాండ్రియా లోపలి పొరకే అంటుకుని ఉంటుందే, మరి పైకెలా వచ్చింది? మరీ గట్టిగా నూరి పొరలు చింపేశానా? ఎండలకి కరెంటు పోతూ ఐసు గంటలో నీరైపోతోంది, అందుకా? ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కి పోకుండా ఆపే సయనైడ్ కలపలేదు, అవి రంగుమందుకి రాకుండా ఆక్సిజన్‌కే పోతున్నాయా? ఎన్ని సార్లు నూరాలో చేసినవాళ్లు దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.