టెక్సాస్ ఓటర్లలో ఎవరెంత?

ప్లేనో పాతకాపు: 2020 జనగణన ప్రకారం టెక్సాస్‌లో హిస్పానిక్‌లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు, 39.3 శాతం, హిస్పానిక్‌లు కాని తెల్లవారు 39.7 శాతం. ఓటు హక్కున్నవారిని మాత్రమే తీసుకుంటే మాత్రం హిస్పానిక్‌లు మూడో వంతుకు దిగుతారు, తెల్లవారు సగం దాకా ఎక్కుతారు. "రాష్ట్రం మారిపోయింది" అని ప్రతి ఎన్నికలకూ ఊదరగొట్టేవారికి ఈ తేడా కనిపించదా?

లెక్కల మాస్టారు: హిస్పానిక్‌లలో 18 నిండని పిల్లలు, పౌరసత్వం లేని పెద్దలు ఎక్కువ. తేడా అక్కడే. అన్నట్టు, హిస్పానిక్ అనేది జాతి కాదు. 2020 జనగణన పత్రంలో అది వేరే ప్రశ్న.

ప్లేనో పాతకాపు: జాతి అని నేనెక్కడ అన్నాను?

లెక్కల మాస్టారు: తెల్లవారి పక్కన పెట్టి పోల్చారుగా. తెల్ల హిస్పానిక్‌లూ ఉన్నారు.

ప్లేనో పాతకాపు: "హిస్పానిక్‌లు కాని" అని రాశాను. కళ్లజోడు తుడుచుకుని చదవండి.

వంతు రానివాడు: మరి నేను ఏ లెక్కలోకి వస్తాను? కాలిన్ కౌంటీలో ఇల్లుంది. ఇంటి పన్నులో సగానికి పైగా బడికే పోతుంది. బడి బోర్డు ఎన్నికలొస్తే మా పచ్చికలో ప్రచార పలక పాతుకుంటామని అడుగుతారు, ఓటు మాత్రం నాకు లేదు. గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే పరిమితి కాబట్టి మన భారతీయుల వరుస కదలదు. కార్డు వచ్చాక మామూలుగా మరో 5 ఏళ్లు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి నాకంటే ముందే ఓటు వేసేలా ఉంది.

గోదారి గట్టు: మేరీలాండ్‌లోని టకోమా పార్కులో నగర ఎన్నికలకు పౌరులు కానివారూ ఓటు వేస్తారు.

ప్లేనో పాతకాపు: అదొక చిన్న ఊరు. నేనూ ఆ వరుసలో నిలబడి వచ్చినవాడినే. పౌరుడు కానివాడికి ఓటెందుకండీ?

వంతు రానివాడు: ఓటు అడగలేదు. లెక్కలో ఉన్నానా అని అడిగాను.

లెక్కల మాస్టారు: ఉన్నారు. నియోజకవర్గాల హద్దులు మొత్తం జనాభాను బట్టే గీస్తారు. ఓటర్లను బట్టి గీయాలని టెక్సాస్‌వాసులు ఇద్దరు వేసిన ఎవెన్‌వెల్ కేసులో 2016లో సుప్రీంకోర్టు వారి వాదన ఒప్పుకోలేదు.

ప్లేనో పాతకాపు: నాకు మింగుడుపడనిది అదే. ఓటర్లు తక్కువున్న చోట ఒక్కో ఓటుకు బరువెక్కువ. నా ఓటు తేలిపోతుంది.

వంతు రానివాడు: ఇప్పుడు బయటపడింది! శాతాలు కాదు, నేను లెక్కలో ఉండడమే మీ బాధ. 1923లో పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాడంటూ ఇదే సుప్రీంకోర్టు పౌరసత్వానికి అనర్హుడంది. 1946 దాకా మనవాళ్లకు ఆ తలుపు తెరుచుకోలేదు. అప్పట్లో ఉంటే ఎవరి పక్కన నిలబడేవారు?

ప్లేనో పాతకాపు: చట్టం పక్కన.

వంతు రానివాడు: ఆ చట్టం పక్కనా?

గోదారి గట్టు: టెక్సాస్‌లోనే మెక్సికో సరిహద్దున ఉన్న స్టార్ కౌంటీలో దాదాపు అందరూ హిస్పానిక్‌లే. 2024లో అక్కడ ట్రంప్ గెలిచారు. అధ్యక్ష ఎన్నికల్లో 1892 తర్వాత అక్కడ రిపబ్లికన్‌కు అదే మొదటిసారి. ఎవరెంత శాతమో తెలిస్తే ఫలితం తెలిసినట్టేనా?

ప్లేనో పాతకాపు: దానికి వేరే చర్చ పెట్టండి. నా ఓటు బరువు సంగతి ఎవరూ తేల్చలేదు.

లెక్కల మాస్టారు: ఓటర్లనే లెక్కపెడితే మీ మనవలు కూడా పోతారు. సరేనా?

ప్లేనో పాతకాపు: పిల్లలు వేరు.

వంతు రానివాడు: ఎందుకు వేరో చెప్పండి, వింటాను.