పెళ్లిరోజు విందుకు మోమోలు: ముందే చేసి ఉంచాలా, ఇద్దరూ కూర్చుని మడవాలా?

గోధుమపిండి: వచ్చే వారం మా పెళ్లిరోజు. ముందురోజే 30 మోమోలు చేసి ఫ్రిజ్‌లో ఉంచి, మావారు ఆఫీసు నుంచి వచ్చే వేళకు ఆవిరి మీద పెట్టి ఆశ్చర్యపరచాలని నా ఆలోచన. అలా చేస్తే సగం సరదా పోతుందని, ఇద్దరూ కలిసి మడవాలని మా వదిన అంటున్నారు. మీరేమంటారు?

ఆవిరికుడుము: మీ వదినగారి మాటే నాకు సరైనదిగా తోస్తోంది. ఉత్తర చైనాలో చాంద్రమాన నూతన సంవత్సరానికి ముందురాత్రి ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చుని, ఒకరు పిండి వత్తుతుంటే మరొకరు లోపలి కూర పెట్టి మడుస్తూ మోమోల్లాంటి జియావోజీలు చేస్తారు. ఒక్కదానిలో నాణెం దాచి, అది ఎవరి పంటికి తగిలితే ఆ ఏడాది అదృష్టం వారిదని చెప్పుకుంటారు. సంక్రాంతికి మన ఇళ్లలో కజ్జికాయలు చేసేటప్పుడు ఒకరి మడతకు మరొకరు వంకలు పెట్టడం లేదా? ఆ సందడి ఫ్రిజ్‌లోంచి రాదు.

మైదాపొడి: సందడి సరే, ఆకలి సంగతేమిటి? నిరుడు మేము అలాగే కలిసి మొదలుపెట్టాము. పిండి తడిపి అరగంట నాననిచ్చి, క్యాబేజీ తురిమి, ఒక్కొక్కటీ వత్తి మడిచేసరికి రాత్రి పదయింది. తురుముకు ఉప్పు పట్టించి నీరు పిండకపోవడం వల్ల సగం మోమోలు ఆవిరిలోనే చిరిగాయి, చివరకు ఆవకాయ అన్నంతో పెళ్లిరోజు గడిచింది. ముందే చేసుకోవడమే మేలు. కాకపోతే పచ్చి మోమోలను మామూలు ఫ్రిజ్ అరలో రాత్రంతా ఉంచితే కూరలోని తడికి పొర నాని పళ్లేనికి అంటుకుంటుంది కనుక, పిండి చల్లిన పళ్లెంలో ఎడంగా పేర్చి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత సంచిలో వేయాలి. వండేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా ఆవిరికి పెట్టి, రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉంచితే చాలు.

ఆవిరికుడుము: మీకు జరిగిన నష్టం కలిసి మడవడం వల్ల కాదు, నీరు పిండకపోవడం వల్ల. అయినా ఆలస్యం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కూరను ముందురాత్రే సిద్ధం చేసి, ఆ సాయంత్రం 250 గ్రాముల మైదాను సుమారు 125 మిల్లీలీటర్ల నీటితో తడిపి ఉంచుకుంటే, ఆయన వచ్చాక మిగిలేది వత్తడం, మడవడమే. వేళ్లకు మడత కుదరకపోతే కజ్జికాయల చెక్కలో పెట్టి నొక్కండి; అందం కొంత తగ్గినా అంచు విప్పుకోదు.

గోధుమపిండి: అయితే 20 మోమోలు ముందే చేసి ఫ్రీజర్‌లో పెడతాను, 10 మాత్రం ఇద్దరమూ మడుస్తాము, మొదటి వాయి తింటూ రెండోది చేసుకోవచ్చు. నాణేనికి బదులు జీడిపప్పు దాస్తాను, పళ్లకు ప్రమాదం ఉండదు.

మైదాపొడి: జీడిపప్పు ఎందులో ఉందో మీకు ముందే తెలుస్తుంది కదా! ఆ ఒక్కటీ ఆయనచేత మడిపించండి.