సయనిన్-7 ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ పాడైందో లేదో తేల్చడం ఎలా?

గుంటూరులో ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఐజీజీ యాంటీబాడీకి సల్ఫో సయనిన్-7 ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ (ప్రోటీన్లలోని అమైన్ గుంపులకు అతుక్కునే ఫ్లోరసెంట్ డై) అతికించాలని పదిహేను రోజులుగా ప్రయత్నిస్తున్నాను. ఒక్కో యాంటీబాడీకి సగటున రెండు డై అణువులు కావాలి. నాకు 0.3 దాటడం లేదు.

యాంటీబాడీతో వచ్చిన ట్రిస్, గ్లైసిన్‌లు కూడా డైతో చర్య జరుపుతాయి కాబట్టి వాటిని ముందే డయాలసిస్ చేసి తీసేశాను. గాఢత 2 మి.గ్రా./మి.లీ., బఫర్ 0.1 మోలార్ సోడియం బైకార్బొనేట్, పీహెచ్ 8.3. డైని అప్పటికప్పుడు డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించి, మోలార్ లెక్కలో 8 రెట్లు కలిపి, గది ఉష్ణోగ్రతలో చీకట్లో గంటసేపు ఉంచాను. తర్వాత అతుక్కోని డైని వేరుచేయడానికి డీసాల్టింగ్ కాలమ్. 280, 750 నానోమీటర్ల దగ్గర రీడింగులు తీసి, 280 దగ్గర డై వాటా మినహాయించే లెక్కవేశాను. 15 రెట్లకు పెంచి రెండు గంటలు ఉంచితే 0.4 వచ్చింది, అంతే. బీఎస్‌ఏ (పశువుల రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్)తో చేసినా దాదాపు ఇదే. కాబట్టి తేడా యాంటీబాడీలో లేదనుకుంటున్నాను.

నా అనుమానం తేమ మీద. మొదటి రెండుసార్లు వయల్‌ను -20 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి తీసి, చల్లగా ఉండగానే మూత తెరిచాను. ఈ వర్షాల్లో ఇక్కడి గాలి ఎలా ఉంటుందో తెలిసిందే. డీఎంఎస్‌ఓ సీసా కూడా మూడు నెలల క్రితం తెరిచింది. ఎస్టర్ నీటితో చర్య జరిపి ఆమ్లంగా మారితే ఇక ప్రోటీన్‌కు అతుక్కోదు, కానీ రంగు పోదు, 750 దగ్గర అదే పీక్ కనిపిస్తుంది. అందుకే స్పెక్ట్రమ్ చూసి ఏమీ తేల్చలేకపోతున్నాను.

యాంటీబాడీ ఇంకా ఒక్క మిల్లీగ్రామే ఉంది. అదీ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మా దగ్గర హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) లేదు. స్పెక్ట్రోఫోటోమీటర్, సీ18 టీఎల్‌సీ ప్లేట్లు (పదార్థాలను చుక్కలుగా వేరుచేసి చూపే పలుచని పూత పలకలు) ఉన్నాయి. వీటితోనే వయల్‌లో పనిచేసే ఎస్టర్ ఎంత మిగిలిందో ఎలా తెలుసుకోవాలి?